గోడకి అటువైపు గురువారాలు

(ఆడ ఖైదీల ములాకత్ గది. మధ్యలో మందపాటి అద్దం. అద్దానికి చెరోవైపు ఒక ఫోను. అటు కూతురు, ఇటు తల్లి. తల్లి వైపు తలుపు దగ్గర గార్డు, ఒక ఆవిడ.)

"...ముందు దాన్ని తుడువమ్మా, అందరూ మూతి ఆనించి మాట్లాడే ఫోను. ఆ, అలాగే. వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. నువ్వు అంత అరవక్కర్లేదు. ఈ తీగ కాస్త పైకెత్తి పట్టుకో, గరగర పోతుంది."

"అరె, నిజమే. పోయింది. చివరికి రానిచ్చారన్నమాట."

"ఎవరు?"

"వీళ్ళే. గేటు దగ్గర."

"రానివ్వకేం? చీటీ రాయించాను, వచ్చాను. ఇటువైపు అసలు జనమే లేరు. బెంచీలన్నీ ఖాళీ."

"ఇటువైపా?"

"అదే, ఇక్కడ. ఈ గదిలో. నువ్వు చిక్కిపోయావే."

"నువ్వూ చిక్కావు. ఏదీ, కాస్త ఇటు తిరుగు. అమ్మా, జుట్టంతా తెల్లబడిందే!"

"రంగు వేసుకోవడం మానేశాలే. ఎవరు చూడాలని?"

"నేను చూడనూ? నా పాపిడి చూడు, వంకరగా వచ్చింది. లోపల అద్దం ఇవ్వరు. స్టీలు పళ్ళెంలో చూసుకుని దువ్వుకోవాలి. పేరు పిలవగానే ఒక్క పరుగున వచ్చేశా. పాప ఏది?"

"స్కూలు."

"ఇవాళ స్కూలుందా?"

"ఉంది. పరీక్షలు."

"ఒకటో క్లాసు పిల్లకి పరీక్షలేంటమ్మా?"

"రెండు. రెండో క్లాసు."

"రెండా... అవును కదా. రెండే."

"ముందు పళ్ళు ఊడాయి. నవ్వితే గేటు బార్లా తీసినట్టుంటుంది. నవ్వొద్దంటే ఇంకా నవ్వుతుంది."

"అచ్చం నాలాగే. నా గురించి అడుగుతుందా?"

"అడగకేం. మీ అమ్మ పెద్ద కంపెనీలో కుట్టుపనికి వెళ్ళిందని చెప్పా."

"అదేం అబద్ధం కాదులే. ఇక్కడా కుట్టుపనే. గార్డుల యూనిఫారాలు మేమే కుడతాం. నేను పై అంతస్తులో ఉండేదాన్ని, కటింగ్ రూములో. ఇప్పుడు కింద గుండీలు కుడుతున్నా."

"గుండీలా! నీ కటింగ్‌కి వంక పెట్టినవాళ్ళెవరే?"

"వంక పెట్టలేదు. నాకు కత్తెర ఇవ్వరిప్పుడు."

"ఏం?"

"రూలు మారింది. అది సరే, అమ్మా, ఒకటి చెప్తా నవ్వకు. మేం లోపల ములాకత్ ఆట ఆడతాం."

"ఆటేంటి?"

"సబ్బు పెట్టెలు రెండు తెచ్చుకుని చెవికి పెట్టుకుంటాం. మధ్యలో దుప్పటి ఎత్తి పట్టుకుంటారు, అది అద్దం. ఒకళ్ళు ఖైదీ, ఒకళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళు. మాలో ఎవరికీ ఎవరూ రారు కదా. నాకు అమ్మగా మా వంటామె వేషం వేస్తుంది. ఎంత బాగా ఏడుస్తుందో, నువ్వు కూడా అంత బాగా ఏడవలేవు."

"ఛీ, ఊరుకో."

"నిజం. ఒకే ఒక్కటి తప్పు చేస్తుంది. వచ్చీ రాగానే తిన్నావా అని అడుగుతుంది. మా అమ్మ అలా అడగదే, ముందు చిక్కిపోయావంటుంది అని చెప్తే వినదు. చూశావా, ఇవాళ నువ్వు అచ్చం అదే అన్నావు. వెళ్ళి చెప్పాలి దానికి."

"మీ బ్యారక్‌లో ఎవరికీ ఎవరూ రారా?"

"ఒక పిల్లకి మొగుడొస్తాడు. ఎందుకొస్తాడో తెలీదు. వచ్చి వెళ్ళాక మూడు రోజులు మా అందరితో పోట్లాడుతుంది, పళ్ళేలు విసురుతుంది. వాడు రాకపోతేనే బాగుంటుంది దానికి. ఒక ముసలామెకి కొడుకు ఒకసారి వచ్చాడు. ఆ ఒక్కసారిని పట్టుకుని ఏడాది బతికింది. ఎవరికి ఏది పడుతుందో చెప్పలేం."

"అమ్మాయ్, ఈ తలుపు దగ్గరున్న మేడం నుదుటి మీద ఆ గాటేంటే? పాపం, కాస్త కిందకి దిగితే కన్ను పోయేది."

"పని చేసే చోట తగులుతుంటాయి. వదిలెయ్."

"పెద్దమ్మా, ఆ సంచీ అద్దానికి ఆనించకండి. కింద పెట్టండి."

"అలాగే మేడం."

"అరె, మీరు అటువైపు వచ్చే ఆవిడ కదూ? మగాళ్ళ బ్లాకు. ఇవాళ దారి తప్పారా ఏంటి?"

"నేనా? కాదు మేడం."

"కాదేంటండీ. లాకర్ల దగ్గర తాళం తిరక్కపోతే అందరికీ మీరే కదా తిప్పి ఇచ్చేది. నా దాన్నీ ఒకసారి తిప్పారు. గురువారం గురువారం వచ్చేవారు."

"ఎవరో అనుకుంటున్నారు మేడం."

"ఏమో, అలాగే ఉన్నారు మరి. సరే, మాట్లాడుకోండి, టైం నడుస్తోంది."

"అమ్మా."

"ఆ మనిషికి పొరపాటు పడి ఉంటుంది. రోజూ ఎంతమందిని చూస్తుంది! పాప ఏమందో తెలుసా మొన్న..."

"అమ్మా, ఈ తీగ పైకెత్తి పట్టుకోవాలని నీకెవరు చెప్పారు?"

"ఎవరో. బయట. క్యూలో."

"క్యూ లేదన్నావు. బెంచీలన్నీ ఖాళీ అన్నావు. మగాళ్ళ వైపు ఎవరున్నారమ్మా?"

"చిన్నోడు."

"తమ్ముడా? వాడిక్కడేంటి?"

"ఇప్పుడు లేడు. వదిలారు. మొన్న వానలు మొదలైనప్పుడు."

"వాడు లోపలికెప్పుడొచ్చాడు?"

"నువ్వు వెళ్ళిన ఏడాదికి. నిన్ను ఆ పాత జైలు నుంచి ఇక్కడికి మార్చిన నెలలోనే."

"ఏం చేశాడు?"

"బళ్ళు."

"బళ్ళంటే?"

"బళ్ళేనే. ఆస్పత్రి ముందు పెట్టుకుంటారు కదా జనం. స్నేహితులు చెడగొట్టారు. వాడు తాళం తీసేవాడంతే, తోలుకెళ్ళింది వాళ్ళు."

"తాళం తీసేవాడంతే. వాడికి తాళాలు తీయడం ఎవరు నేర్పారో ఇప్పుడు తెలిసింది."

"వెటకారం చెయ్యకే. మొదటిసారి నాలుగు నెలలేసి వదిలేశారు. బయటికొచ్చి మళ్ళీ అదే పని. రెండోసారి మూడేళ్ళు వేశారు."

"నువ్వు ప్రతి గురువారం వచ్చేదానివి."

"వచ్చేదాన్ని."

"ఈ గేటుకే."

"గేటు ఒకటే. లోపలికొచ్చాక వాళ్ళది ఎడమకి. ఆడవాళ్ళది కుడికి."

"కుడికి ఒక్కసారి తిరగలేకపోయావా అమ్మా?"

"అరవకు. మేడం చూస్తోంది."

"నేను అరవడం లేదు. అడుగుతున్నా."

"మనిషికి వారానికి ఒకటే చీటీ ఇస్తారే. చీటీకి ఒకటే పేరు. నేను పెట్టిన రూలా? మొదట్లో నేను బతిమాలాను. ఇద్దరూ నా పిల్లలే, పక్కపక్కనే ఉన్నారు, చెరో పది నిమిషాలివ్వండని. కుదరదన్నారు."

"ఒక వారం వాడికి, ఒక వారం నాకు."

"అనుకున్నా. ఒట్టు, అదే అనుకున్నా. అప్పుడే ఆ కౌన్సిలర్ సారొచ్చాడు."

"ఎవరు?"

"ఖైదీల ఇంటివాళ్ళకి మంచీచెడూ చెప్పడానికి జైలువాళ్ళు పెట్టిన మనిషి, మేం కూర్చునే షెడ్డుకొస్తాడు. బాగా చదువుకున్నాడు. గోడ మీద బొమ్మేసి చెప్పాడు, ఇంటివాళ్ళు వచ్చి చూసిన ఖైదీ బయటికెళ్ళాక మళ్ళీ లోపలికి రావడం తక్కువట. ముఖ్యంగా కుర్రాళ్ళు. ఆ వయసు వాళ్ళకి వారం వారం ఎవరో ఒకరు కనపడాలట, తెంపు రాకూడదట. ఒకసారి మొదలుపెట్టి మానేస్తే అసలు రాకపోవడం కంటే చెడ్డదన్నాడు. అందుకని తెంపలేదు. జ్వరమొచ్చినా వచ్చా. బస్సులు ఆగిపోయిన రోజు నడిచొచ్చా."

"మరి ఆడవాళ్ళ సంగతేం చెప్పాడు మీ సారు?"

"అడిగా. నీకోసమే అడిగా. 'ఆడవాళ్ళని చూడ్డానికొచ్చేవాళ్ళే లేరు తల్లీ, లెక్క కట్టడానికి మనుషులు దొరకాలిగా' అన్నాడు."

"అది విని కూడా ఎడమకే తిరిగావు."

"వాడు చెడిపోతున్నాడే! వాడి సంగతి నీకు తెలీదా? ఎవరేం చెప్తే అది. నువ్వలా కాదు. నీ మొగుడు తెచ్చిన దొంగ ఫోన్లు నీ షాపులో దొరికాయి, వాడు పారిపోయాడు, నువ్వు పట్టుబడ్డావు. అది నీ గాచారం. అంతేగానీ నువ్వు మళ్ళీ తప్పు చేసే రకమా? నువ్వు గట్టిదానివి. జ్వరమున్న పిల్లాడికే కదే మాత్ర వేస్తాం."

"నాకు లేదని ఎలా తెలుసు? ఎప్పుడైనా వచ్చి నా నుదురు ముట్టుకుని చూశావా? నీ ఫోను కూడా పలకడం మానేసింది. నెలకోసారి ఇస్తారు మాకు. ఈ నంబరు లేదంటుంది. నేను మళ్ళీ చేస్తా. మళ్ళీ లేదంటుంది."

"మార్చేశానే. వాడి స్నేహితులు ఒకటే ఫోన్లు. వాడెప్పుడొస్తాడు, వాడెక్కడున్నాడు అని."

"కొత్త నంబరు నాకు చెప్పాలనిపించలేదా?"

"నిన్ను చూస్తే నేను చెప్పకుండా ఉండగలనా? వాడు కూడా లోపలే ఉన్నాడని నీకు తెలిస్తే, పాపని చూసుకునేది నేనొక్కదాన్నేనని తెలిస్తే, నువ్వు కుంగిపోతావని..."

"నాకోసమేనన్నమాట."

"నీకోసమే."

"పెద్దమ్మా, సగం టైం అయింది. ఆ తర్వాత చెప్పలేదనొద్దు."

"సరే మేడం, సరే. అమ్మాయ్, ఇటు చూడు. నా మొహం చూడు. వాడు మారాడే. నిజంగా మారాడు. బేకరీ వాళ్ళ వ్యాను తోలుతున్నాడు."

"బళ్ళు ఎత్తుకెళ్ళినవాడికి బండిచ్చారా!"

"తెలిసే ఇచ్చారు. మంచివాళ్ళు. తెల్లారకముందే వెళ్తాడు, మధ్యాహ్నానికొస్తాడు. ఒంటికి ఎప్పుడూ కాల్చిన పిండి వాసన."

"రాత్రిళ్ళు?"

"ఇంట్లోనే ఉంటాడు."

"నువ్వెలా చెప్పగలవు?"

"బయటి గడియకి తాళం వేసి తాళంచెవి నా దిండు కింద పెట్టుకుంటా. వాడు నీళ్ళ కోసం లేచినా నాకు మెలకువ వస్తుంది. అప్పుడు వారానికోసారి వచ్చి చూసేదాన్ని. ఇప్పుడు రోజంతా, రాత్రంతా. ఎప్పుడైనా నాకే శిక్ష పడిందేమో అనిపిస్తుంది."

"తాళం తీయడం వచ్చినవాడికి తాళం వేస్తున్నావు."

"వాడే వేయమన్నాడే. అమ్మా, వెయ్యి, నాకు ధైర్యంగా ఉంటుందన్నాడు."

"సరే. ఇప్పుడు చెప్పు. వాడు బయటికొచ్చేశాడు. నీ గురువారాలు ఖాళీ అయ్యాయి. వానల్లోనే ఖాళీ అయ్యాయి. ఇన్నాళ్ళు రానిదానివి ఇవాళెందుకొచ్చావు?"

"నిన్ను చూడాలని."

"ఇంకా?"

"ఇంకేముంటుంది?"

"నీ రుమాలు చూసుకో. మెలితిప్పి మెలితిప్పి తాడు చేసేశావు. నువ్వేదైనా అడగాల్సొస్తే అలాగే చేస్తావు. చిన్నప్పుడు అద్దె ఇంటాయన దగ్గరికి వెళ్ళేముందు కూడా అంతే."

"వచ్చే నెల కదా నీ విడుదల, జడ్జిగారు చెప్పిన ప్రకారం?"

"ఆయన చెప్పిన ప్రకారమైతే అంతే."

"సొంతవాళ్ళెవరైనా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాలట కదా?"

"అవును. ఎవరూ రాకపోతే ప్రభుత్వ హాస్టల్‌కి పంపుతారు. నువ్వు వస్తావా?"

"వస్తా. రాకేం. సంతకం పెడతా. గేటు దాకా వస్తా."

"గేటు దాకా?"

"వస్తాననే అంటున్నా కదా."

"గేటు దాకా నువ్వు ఎప్పుడూ వస్తూనే ఉన్నావమ్మా. ఇంటికి తీసుకెళ్తావా?"

"వాడిని ఊరికే వదల్లేదే. బాండు మీద వదిలారు. ఆఫీసరొకడు ఎప్పుడు పడితే అప్పుడు ఇంటికొచ్చి చూస్తాడు. మంచం కింద కూడా చూస్తాడు. వాడుండే ఇంట్లో జైలుకెళ్ళొచ్చిన మనిషి ఇంకొకరు ఉండకూడదట. ఉంటే బాండు రద్దు. మిగిలినదంతా మళ్ళీ లోపలే."

"సొంత అక్క అయినా?"

"అడిగా. సొంత అమ్మయినా అంతే అన్నాడు."

"అయితే వాడినే వేరే గది చూసుకోమను."

"వాడిని ఒక్కడినా? ఒక్కడు ఉంటే వారం తిరక్కుండా ఆ స్నేహితులు వాలిపోరూ? నువ్వే చెప్పు. నేను తలుపుకి తాళం వేస్తుంటేనే ఇలా ఉన్నాడు."

"నేను ఒక్కదాన్ని ఉండొచ్చు."

"కొన్నాళ్ళే. వాడి బాండు అయిపోయేదాకా. నువ్వు తెలివైనదానివి, ఎక్కడున్నా పని దొరుకుతుంది. హాస్టల్‌లో ఫ్యాను ఉందట. వెళ్ళి చూసొచ్చా. శుభ్రంగానే ఉంది."

"చూసొచ్చావా?"

"మంచం కిటికీ పక్కన ఇమ్మని చెప్పొచ్చా."

"నన్ను అడక్కముందే మంచం కూడా మాట్లాడొచ్చావు. పాపని నా దగ్గరికి పంపు."

"హాస్టల్‌లో పిల్లల్ని ఉంచనివ్వరే."

"అదీ కనుక్కునే వచ్చావా?"

"నేనేం చెయ్యను, చెప్పు! ఇటు లాగితే నువ్వు, అటు లాగితే వాడు. రాత్రంతా ఇదే. ఒకరిని ఇంట్లో పెట్టుకుంటే ఇంకొకరు లోపలికి పోతారంటే, నా స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు? నీకూ ఒక పిల్ల ఉంది."

"నాకూ ఒక పిల్ల ఉంది. అందుకే అడుగుతున్నా. ఆదివారమైనా తెస్తావా నా దగ్గరికి?"

"తెస్తా. ఆదివారం మాత్రం... ఆదివారం వాడికి సెలవు. పాప ఇంట్లో ఉంటే వాడు బయటికి కదలడు. పాపంటే వాడికి ప్రాణం. జైల్లో దాన్ని చూసినప్పుడు ఎంతలా ఏడ్చాడో..."

"ఎక్కడ చూసినప్పుడు? పాపని ఇక్కడికి తెచ్చావా?"

"ఒక్కసారే."

"ఎప్పుడు?"

"కిందటేడు. కౌన్సిలర్ సారే అన్నాడు, చిన్నపిల్లలు కనపడితే మగవాళ్ళ మనసు మెత్తబడుతుంది, ఒకసారి తీసుకురామ్మా అని. ఒక్క గురువారమే. మళ్ళీ తేలేదు, ఒట్టు. అది లోపల అన్నీ ప్రశ్నలే. ఈ గోడకి అవతల ఏముంది అమ్మమ్మా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఏమీ లేదని చెప్పా. ఏడవకే. నువ్వు ఏడిస్తే నేను లేచి వెళ్ళలేను. అమ్మాయ్. అటు తిరక్కు. ఫోను తీసెయ్యకు."

"తియ్యలేదు. ఇక్కడే ఉన్నా. ఎక్కడికి పోతాను?"

"వచ్చే నెల ఏ రోజో చెప్పు. ఆ రోజు పొద్దున్నే వస్తా. ముందు ఎక్కడైనా కూర్చుని ఇద్దరం టీ తాగుదాం. తర్వాతే హాస్టల్."

"వచ్చే నెల లేదమ్మా."

"లేదంటే?"

"విడుదల లేదు. పెంచారు."

"పెంచడమేంటి? ఎవరు పెంచారు?"

"కోర్టు."

"ఎంత?"

"ఇంకో రెండేళ్ళు."

"రెండేళ్ళా?"

"రెండు."

"...రెండేళ్ళు. చిన్నోడి బాండు ఏడాదిన్నరకి అయిపోతుంది."

"అవును కదా."

"అయితే... అయితే నువ్వొచ్చేసరికి ఆఫీసరు ఉండడు. ఏ ఇబ్బందీ ఉండదు. నేరుగా ఇంటికే రావచ్చు."

"చూశావా, ఊపిరి ఎంత హాయిగా పీల్చుకున్నావో. ఫోన్లో వినపడింది నాకు."

"అలా అనకే! నేను సంతోషపడుతున్నానా? మరి మొదట్లోనే చెప్పొచ్చు కదా. ఇంతసేపు నా చేత ఇవన్నీ ఎందుకు అడిగించావు?"

"ఇంటికి రమ్మని నువ్వు అంటావేమోనని. రెండేళ్ళ తర్వాతైనా సరే, ఆ మాట నీ నోటితో ఒకసారి విందామని."

"రమ్మంటున్నా కదా ఇప్పుడు."

"ఇప్పుడంటున్నావు."

"ఎందుకు పెంచారు? చెప్పు. వాళ్ళెవరో చేసింది నీ మీదకి తోశారా? నేను ఆ కౌన్సిలర్ సారుతో మాట్లాడతా. నీకు తప్పులు చేసే అలవాటు లేదు. నాకు తెలీదా నా పిల్ల సంగతి?"

"అమ్మా, పచ్చ గొడుగు ఇంకా ఉందా నీ దగ్గర?"

"గొడుగెందుకిప్పుడు?"

"ఉందా?"

"ఉంది. సంచీలోనే ఉంది. నువ్వు వేసిన ఎర్ర అతుకు ఇంకా ఊడలేదు. దానికేమొచ్చింది? నేనడిగిందానికి చెప్పు."

"పాపని తెచ్చిన రోజు వానొచ్చింది కదా? దానికి పసుపు బూట్లు వేశావు కదా?"

"నీకెలా తెలుసు?"

"పైన కటింగ్ రూముకి ఒక కిటికీ ఉందమ్మా. తెరుచుకోదు. దాంట్లోంచి గేటు బయట క్యూ కనపడుతుంది. మనుషుల మొహాలు కనపడవు, ఎండకి వానకి అందరూ గొడుగులేసుకుంటారు. పచ్చగొడుగు మీద ఎర్ర అతుకు, అడ్డదిడ్డంగా, నా చేత్తో వేసింది. దాన్ని నేను ఎన్ని గొడుగుల్లో ఉన్నా పట్టుకుంటా."

"నన్ను చూశావా? ప్రతిసారీ?"

"ప్రతి గురువారం. తల దువ్వుకుని కూర్చునేదాన్ని. గొడుగు గేటు కిందకి వెళ్ళిపోయేది, అక్కడి నుంచి కనపడదు. ఇంక పేరు పిలుస్తారని చూసేదాన్ని. పిలిచేవాళ్ళు కాదు. కాసేపటికి గొడుగు మళ్ళీ బయటికొచ్చేది, వెళ్ళిపోయేది. తమ్ముడు అటువైపున్నాడని నాకెవరు చెప్పారు? మా అమ్మ వస్తోంది, వీళ్ళే వెనక్కి పంపేస్తున్నారనుకున్నా. అందరితో అదే చెప్పేదాన్ని. మా అమ్మ మానలేదు, వీళ్ళే రానివ్వడం లేదని."

"అయ్యో తల్లీ..."

"ఆ రోజు గొడుగు కింద పసుపు బూట్లు కనపడ్డాయి. అవి నీళ్ళలో గెంతుతూ గేటు దాకా వచ్చాయి. నేను పని చేసుకుంటూనే తలుపు వైపు చూస్తున్నా. తలుపు తెరుచుకుంది. కాగితం పట్టుకుని వచ్చింది, నాలుగు పేర్లు చదివింది. నా పేరు లేదు."

"పెద్దమ్మా, టైం అయిపోయింది. ఫోను పెట్టేయండి. వినపడిందా?"

"ఒక్క నిమిషం మేడం, మీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్క నిమిషం! ఎవరే? ఎవరొచ్చారు కాగితం పట్టుకుని?"

"ఇందాక అడిగావు కదమ్మా, ఆ మేడం నుదుటి మీద గాటేంటని. ఆ రోజు నా చేతిలో కత్తెర ఉంది."